పోర్ట్ పిరీ ఇంట్లో సీసం దుమ్ము: చిమ్నీదా, పాత రంగుదా?

గోంగూర_పిరీ అడిగారు:

అందరికీ నమస్తే. ఎనిమిది నెలల కిందట అడిలైడ్ వదిలి పోర్ట్ పిరీ వచ్చాం. మావారికి ఇక్కడ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం. అద్దె ఇల్లు 1950ల నాటిది. చెక్క కిటికీలు, ముందు వరండా. వరండా చివర నిలబడితే సీసం స్మెల్టర్ (ఖనిజం కరిగించే కొలిమి) చిమ్నీ కనిపిస్తుంది, 205 మీటర్లట.

శుక్రవారం గడపకి పసుపు రాస్తాను. ఆదివారానికల్లా దానిమీద బూడిదరంగు పొర. వేలితో తీస్తే మసిలా అంటుకోదు, సన్న ఇసుకలా గరగరమంటుంది. మొన్న మా బుడ్డోడికి (14 నెలలు) రక్తపరీక్ష చేయిస్తే డెసిలీటరుకి 6 మైక్రోగ్రాముల సీసం అన్నారు. ఇక్కడ 5 దాటితే ఎక్కణ్ణుంచి వస్తోందో వెతకాలి. ఇంటి ఏజెంటుని అడిగితే చిమ్నీ వైపు చెయ్యి చూపిస్తాడు. పక్కింటావిడేమో "ముందు నీ కిటికీల రంగు చూసుకో" అంటుంది. ఐసోటోపు పరీక్ష చేస్తే ఎక్కడి సీసమో తేలిపోతుందని చదివాను, నిజమేనా? పెరట్లో గోంగూర, తోటకూర ఏపుగా ఉన్నాయి. కొయ్యనా, మాననా?

రాళ్ళపిచ్చి రాశారు:

ఐసోటోపులకి డబ్బు తగలెయ్యకండి. నా జీతం వాటిని కొలిచే మెషీన్ల పుణ్యమే, అయినా చెప్తున్నా.

సీసంలో బరువుని బట్టి నాలుగు రకాలు (వీటినే ఐసోటోపులంటారు): 204, 206, 207, 208. 204 మొదట్నుంచీ ఎంతుందో అంతే. మిగతా మూడూ యురేనియం, థోరియం క్షీణిస్తూ ఉంటే వాటినుంచి పుట్టి వచ్చి కలుస్తుంటాయి. సీసం ఖనిజంగా గడ్డకట్టి యురేనియంతో తెగతెంపులు చేసుకున్న రోజున ఆ లెక్క ఆగిపోతుంది. మీ ఊరి కొలిమిని పెంచి పోషించిన బ్రోకెన్ హిల్ గనుల ఖనిజం సుమారు 170 కోట్ల ఏళ్ళనాటిది. అందుకే అందులో 206ని 207తో భాగిస్తే 1.04 దగ్గర వస్తుంది. మామూలు రాళ్ళలో 1.2 దగ్గర ఉంటుంది. చూడ్డానికి చిన్న తేడాయే గానీ మాకది పట్టపగలు. పోర్ట్ పిరీలో సీసం కరిగించడం మొదలైన 1889కే బ్రోకెన్ హిల్ సీసం అంటార్కిటికా మంచులో పడిందని 2014లో ఈ అంకెలతోనే పట్టుకున్నారు. అముండ్సెన్ దక్షిణ ధ్రువం చేరింది 1911లో. మనిషికంటే 22 ఏళ్ళు ముందే పొగ వెళ్ళి కూర్చుంది.

మరి వద్దని ఎందుకంటున్నానంటే, ఆస్ట్రేలియాలో పాత ఇళ్ళ రంగుల్లోకీ, 2002 దాకా అమ్మిన సీసం పెట్రోల్లోకీ చాలావరకు వెళ్ళింది ఆ బ్రోకెన్ హిల్ సీసమే. ఐసోటోపు ఇంటిపేరు చెప్తుంది, అంతవరకే. ఆ ఇంటిపేరువాళ్ళు మూడు వీధుల్లో కాపురముంటే మీ తలుపు కొట్టిందెవరో ఇంటిపేరుతో ఎలా తేలుస్తారు?

సీసం పక్కన ఎవరున్నారో చూడండి. కొలిమి దుమ్ములో సీసం ఒంటరిగా రాదు, జింకు, కాడ్మియం, ఆర్సెనిక్ వెంటేసుకుని వస్తుంది. పాత రంగులోనూ జింకు ఉండొచ్చు, అందుకని జింకు ఒక్కదాన్నీ నమ్మకండి, కాడ్మియం చూడండి. వరండా, కిటికీ గట్టు, హాలు నేల విడివిడిగా తుడిచి ల్యాబుకి పంపండి. మట్టి మాత్రం గోడవార ఒకటి, పెరడు చివర ఒకటి. గోడవార ఎక్కువుండి దూరం పోయేకొద్దీ తగ్గితే రంగు పెచ్చులు. అంతటా ఒకేలా ఉండి పైపొరలోనే ఉంటే గాలి మోసుకొచ్చింది. ఇళ్ళ మట్టికి కిలోకి 300 మిల్లీగ్రాములు ఇక్కడి హద్దు.

విజయనగరం_అత్త రాశారు:

ల్యాబు సరే, పూజగది చూశావామ్మా? ఆంజనేయస్వామి సింధూరం ఉంటే పిల్లాడికి అందకుండా పెట్టు, పాత పద్ధతి సింధూరం అంటే సీసాన్ని కాల్చి చేసిందే. గడపకి రాసే పసుపు ఎక్కడిది? ఊర్నుంచి తెచ్చిన విడి పసుపైతే అదీ పరీక్షకి పంపు. రంగు మెరవాలని లెడ్ క్రోమేట్ కలిపే దరిద్రులున్నారు. పొడి చీపురు మాత్రం పట్టకు. తడిగుడ్డే. పిల్లాడికి తిండి వేళకి పెట్టు, ఖాళీ కడుపు సీసాన్ని ఎక్కువ పీలుస్తుందిట.

అగస్టా_రాజు రాశారు:

గోంగూర ఈసారికి వదిలెయ్యండి అక్కా. ఆకుకూరకి వేరునుంచి వచ్చేదానికంటే ఆకుమీద పడే దుమ్ముతోనే బెడద. ఎత్తు మడి కట్టి కొన్న మట్టి పోసి వంకాయ, టమాటా వేసుకోండి, కడుక్కుంటే పోతుంది. వాన నీళ్ళ ట్యాంకు ఉంటే తాగకండి, కప్పుమీది దుమ్మంతా అందులోకే.

గోంగూర_పిరీ రాశారు:

మూడు వారాలయింది, రిపోర్టులొచ్చాయి. పసుపు శుభ్రంగా ఉంది (అత్తగారూ, సింధూరం అటక మీదకి ఎక్కించాను). వరండా దుమ్ములో సీసంతో పాటు జింకు, కాడ్మియం, ఆర్సెనిక్ మూడూ ఉన్నాయి. పడకగది కిటికీ గట్టు మీద సీసం వరండాకి ఎన్నో రెట్లు, కాడ్మియం ఊసే లేదు. గోడవార మట్టి 300 దాటింది, పెరడు చివర దాటలేదు. అంటే ఏజెంటూ పక్కింటావిడా ఇద్దరూ కరెక్టే!

ముందు దేని సంగతి చూడాలి? కిటికీ గట్టు చూస్తే నాకు కడుపులో తిప్పుతోంది. బుడ్డోడు దాన్ని పట్టుకునే నిలబడటం నేర్చుకున్నాడు. వంగి చూస్తే అంచు పొడుగునా చిన్నచిన్న పంటి గాట్లు.

రాళ్ళపిచ్చి రాశారు:

కిటికీ. ఇవాళే. గీకొద్దు, ఉప్పుకాగితం అసలు ముట్టుకోవద్దు, పొడి ఎగిరితే ఇంకా ప్రమాదం. తడిగుడ్డతో తుడిచి గట్టు మొత్తానికి వెడల్పాటి టేపు వేసెయ్యండి, మంచం అటువైపు లాగి అడ్డం పెట్టండి. రిపోర్టు, ఆ పంటిగాట్ల ఫోటో కలిపి ఏజెంటుకి మెయిల్ చెయ్యండి, ఫోన్లో చెప్తే లెక్కలోకి రాదు. వరండా రోజూ నీళ్ళతో కడగండి, చెప్పులు అక్కడే. మూడు నెలలకి మళ్ళీ రక్తం చూపించండి, మీ ఊళ్ళో పిల్లలకి ఉచితమే.

గోంగూర_పిరీ రాశారు:

టేపు వేశాను. వాడు దాన్నీ కొరుకుతున్నాడు. మంచం జరుపుతున్నాం.