365 నానోమీటర్ల కాంతి లేకుండా జెల్ గోళ్లు గట్టిపడతాయా?

హనుమకొండలో చిన్న బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. రెండేళ్ల క్రితం మా నాయనకు అరికాలిలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ బయటపడింది. పత్తి చేనులో ముల్లు గుచ్చుకున్న మచ్చేనని, కందిగింజంత నలుపు రూపాయి బిళ్లంత అయ్యేదాకా ఊరుకున్నాం. అరికాలి మెలనోమాకు ఎండతో పెద్దగా సంబంధం లేదని డాక్టరు చెప్పినా, చర్మం రంగు మార్చే యూవీ (అతినీలలోహిత) కాంతి పడకలను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2009లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చిందని చదివాక, గోళ్లకు పూసిన జెల్ రంగును కాంతితో గట్టిపరచే నా బల్ల మీది ల్యాంపును మునుపటిలా చూడలేకపోతున్నాను. (రెండూ సమానం కావని తెలుసు.)

ఆ 48 వాట్ల ల్యాంపు మీద ఎల్ఈడీ అని ఉన్నా, పెట్టె వెనుక సన్నని అక్షరాలలో 365, 405 నానోమీటర్లు అని రాసి ఉంది. 365 అంటే యూవీఏ అనే రకం యూవీ కాంతే; 405 ఆ పరిధికి బయటిది. వేళ్ల కొసలు తెరిచి ఉండే తొడుగులు తెచ్చాను, కస్టమర్లు వేసుకోవడం లేదు. సన్‌స్క్రీన్ రాస్తే దాని జిడ్డు గోటికి అంటి, మూడో రోజుకే జెల్ అంచు లేస్తోంది. 405 మాత్రమే ఉన్న ల్యాంపు కింద 120 సెకన్లు ఉంచినా ముదురు రంగు పొర లోపల మెత్తగానే ఉంటోంది. సరిగా గట్టిపడని జెల్‌తో అలర్జీ రావచ్చు కనుక అలా వదిలేయలేను.

405 నానోమీటర్ల ల్యాంపుతోనే ముదురు రంగులను పూర్తిగా గట్టిపరచగలిగినవారు ఏ రకం జెల్‌ను, ఒక్కో పొరకు ఎన్ని సెకన్లు ఉంచి వాడుతున్నారు?