చెవి ఆపరేషన్ తర్వాత వినికిడి ఎన్నాళ్లకి తెలుస్తుంది?
మాది గాజువాక. అమ్మకి చిన్నప్పటి నుంచీ ఎడమ చెవి కారేది. మూడు నెలల కిందట మాస్టాయిడ్ (చెవి వెనక ఎముక) ఆపరేషన్ చేసి, చెవి పైనున్న కండరం మీది పొర తీసి కర్ణభేరికి అతికించారు. చీము ఆగింది, అదే పెద్ద ఊరట. వినికిడి మాత్రం అలాగే ఉంది. కుక్కర్ విజిల్ వినిపిస్తుంది, పక్క గదిలోంచి పిలిస్తే పలకదు.

ఆపరేషన్‌కి ముందు ఆడియోగ్రామ్‌లో (వినికిడి పరీక్షలో) గాలి ద్వారా 55 డెసిబెల్స్, ఎముక ద్వారా 20 వచ్చింది; అంకె ఎంత తక్కువుంటే వినికిడి అంత బాగున్నట్టట. అంటే నరం బాగున్నట్టే కదా? లోపలి బుల్లి ఎముకల్లో ఒకటి అరిగిపోయిందట. ముందు జబ్బు పోవాలి, వినికిడి సంగతి తర్వాత అని డాక్టర్‌గారు ముందే చెప్పార్లెండి, అయినా టెన్షన్.

ఇలా చేయించుకున్నవాళ్లు చెప్పండి: మీకు తేడా ఎప్పుడు తెలిసింది? రెండోసారి టైటానియం ఎముక పెట్టించుకున్నారా, హియరింగ్ ఎయిడ్‌తో సరిపెట్టుకున్నారా? పెదవాల్తేరు ఈఎన్‌టీ ఆసుపత్రిలో ఇంకోసారి చూపించమంటారా?