టీకాలన్నీ అయ్యేదాకా కుక్కపిల్లను గడప దాటించకూడదా?

వేదాయపాళెం వనిత
మా ఇంట్లో లాబ్రడార్ పిల్ల ఉంది, 9 వారాలది. మొదటి టీకా వేయించి వారం దాటింది, నులిపురుగుల మందు కూడా పట్టించాం. మిగతా డోసులు, రేబిస్ సూది అన్నీ పూర్తయ్యేదాకా బయటికి తీయొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. అప్పటికి దానికి నాలుగు నెలలు నిండుతాయి. మా తమ్ముడేమో ఈ వయసులో మనుషుల్ని, బండ్లని, వేరే కుక్కల్ని చూపించకపోతే పెద్దయ్యాక అన్నిటికీ బెదురుతుందని, కరిచినా కరుస్తుందని పోరుతున్నాడు. మాది మూడో అంతస్తు. కింద సందులో అయిదారు వీధికుక్కలు ఎప్పుడూ ఉంటాయి. ఎవరి మాట వినాలి?

లాయర్‌పేట రావు
డాక్టరు మాటే వినండమ్మా. పార్వో అని కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు ఉంది, అది ఎట్టా ఉంటుందో కళ్లారా చూసినవాళ్లకు ఈ సందేహం రాదు. ఒంగోల్లో మా పక్కింటివాళ్ల డాబర్‌మాన్ పిల్ల ఒక పొద్దున పాలు ముట్టలేదు. సాయంత్రానికి వాంతులు, ఆ రాత్రికి రక్త విరేచనాలు. సెలైన్లు ఎక్కించారు, ఇంజెక్షన్లు వేశారు, దక్కలేదు. పిరికి కుక్కకు నిదానంగా ధైర్యం నేర్పొచ్చు. పోయినదాన్ని ఏం చేస్తారు?

పెన్నా గట్టు
రావు గారూ, పార్వో గురించి మీరు చెప్పినదాంట్లో అక్షరం తీసేయడానికి లేదు. నా పేచీ 'గడప దాటించొద్దు' అన్న మాటతోనే. ఆ వైరస్ రోగమొచ్చిన కుక్క మలంలో ఉంటుంది. అక్కడి నుంచి మట్టిలోకి, మన చెప్పులకు, బండి టైర్లకు. మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. అంటే గడప దాటకపోయినా మీ చెప్పులతో మూడో అంతస్తుకు వచ్చేస్తుంది. అదే పిల్లను చంకనేసుకుని వీధి చివర అరగంట నిలబడితే, నేలను తాకని పిల్లకు పార్వో అంటే అవకాశం బాగా తక్కువ. ప్రమాదం నేలలో ఉంది, లోకంలో లేదు. ఈ రెంటినీ కలిపేసి పిల్లను నాలుగు గోడల మధ్య పెడుతున్నాం.

కుక్కపిల్ల బుర్ర కొత్తవాటిని భయం లేకుండా ఒప్పుకునేది దాదాపు 3వ వారం నుంచి 12-14 వారాల దాకా. ఇది ఇవాళ కొత్తగా పుట్టిన మాట కాదు. అమెరికాలో కొన్ని కుక్కపిల్లల్ని మనుషుల జాడ లేని కంచె పొలంలో పెంచి చూశారు, ఆ ఫలితాలు 1961లో అచ్చయ్యాయి. 14 వారాల దాకా మనిషిని ఎరగని పిల్లలు తర్వాత ఎంత మచ్చిక చేసినా అడవి జంతువుల్లాగే ఉండిపోయాయి. మనింట్లో మనుషులం ఉంటాం కాబట్టి అంత ఘోరం జరగదు. కానీ ఆ కుక్కకు మన నలుగురే మనుషులు. హెల్మెట్ పెట్టుకున్నవాడు, బురఖా వేసుకున్నామె, చేతికర్ర పట్టుకున్న తాత, నెత్తిన గంప పెట్టుకుని చేపలమ్మే ఆమె, వీళ్లంతా దాని లెక్కలో మనుషులు కారు.

మా మేడమీది వాళ్ల జర్మన్ షెపర్డ్ అట్టాగే పెరిగింది. టీకా కార్డు అద్దంలా ఉంటుంది. దాన్ని ఎప్పుడూ మూతికి చిక్కం లేకుండా కిందికి దించలేదు. డెలివరీ కుర్రాళ్లు గేటు బయటి నుంచే ఫోన్ చేస్తారు.

లాయర్‌పేట రావు
అమెరికా లెక్కలు అమెరికాకే. అక్కడ వీధికుక్కలేవి? మన దగ్గర వీధికుక్కలకు ఆపరేషన్ చేసి రేబిస్ సూది వేసి వదులుతారు, అది కూడా అన్ని చోట్లా కాదు. పార్వోకు, డిస్టెంపర్ అనే ఇంకో వైరస్ జబ్బుకు వాటికి టీకాలు ఎవరు వేస్తున్నారు?

పెన్నా గట్టు
ఎవరూ వేయడం లేదు, నిజమే. అందుకే దించొద్దంటున్నాను. ఇంకో మాట కూడా ఉంది. అక్కడి జంతు ప్రవర్తన పశువైద్యుల సంఘం 2008లోనే చెప్పింది: 7-8 వారాల వయసులో, మొదటి టీకా, నులిపురుగుల మందు అయ్యాక కనీసం వారం ఆగి, కుక్కపిల్లల్ని కొత్త మనుషులకు, తోటి కుక్కలకు అలవాటు చేసే క్లాసులకు పంపొచ్చని. 2013లో నాలుగు నగరాల క్లినిక్కుల రికార్డులు తీసి చూస్తే, టీకాలు మొదలై క్లాసులకు వెళ్లిన 279 కుక్కపిల్లల్లో ఒక్కదానికీ పార్వో అనుమానం కూడా రాలేదు.

లాయర్‌పేట రావు
ఆ క్లాసులు జరిగేది కడిగిన గదిలో, టీకా కార్డులు చూసి రానిచ్చే చోట. నెల్లూర్లో అట్లాంటిది ఎక్కడుందో చూపించి మాట్లాడండి. లేనిదాన్ని చూపించి ఉన్నదానికి భరోసా ఇస్తే ఎట్లా?

కావలి పశువైద్యుడు
రావు గారి ఈ ప్రశ్న న్యాయమైంది. ఆ 279 సంఖ్యను తెచ్చి మన సందుకు అతికించలేం. అయితే మా డాక్టర్లం 'నాలుగు నెలలు బయటికొద్దు' అని ఒక్క ముక్కలో తేల్చేయడానికి కారణం వేరే ఉంది. 'చంకన ఉంచండి, దించొద్దు' అని చెబితే చాలామంది మొదటి సగమే వింటారు. రెండో రోజుకే పిల్ల టీ బంకు ముందు నేలను నాకుతూ ఉంటుంది.

డోసుల సంగతి చాలామందికి సరిగా తెలియదు. మూడు కలిస్తేనే బలం అనుకుంటారు. అసలు విషయం వేరు. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వదు. అది ఏ పిల్లలో ఏ వారంలో తగ్గిపోతుందో పైకి కనిపించదు. పైగా మధ్యలో ఒక చెడ్డ సందు ఉంటుంది: ఆ రక్షణ వైరస్‌ను ఆపడానికి చాలదు, టీకాను అడ్డుకోవడానికి మాత్రం చాలుతుంది. అందుకే 6-8 వారాలకు మొదలుపెట్టి 3-4 వారాలకొకటి చొప్పున 16 వారాలు వచ్చేదాకా వేస్తూ పోతాం, ఏదో ఒకటి సరైన వేళకు తగులుతుందని. వనిత గారూ, మొదటి డోసు అయింది కాబట్టి మీ పిల్లకు రక్షణ వచ్చేసి ఉండొచ్చు, రాకపోయీ ఉండొచ్చు. రాలేదనుకునే నడుచుకోండి.

అన్నిటికంటే ప్రమాదమైన చోటు ఎవరూ చెప్పలేదు. అది మా ఆసుపత్రి వరండా. పార్వో వచ్చిన పిల్లల్ని తెచ్చేది అక్కడికే. టీకాకు వచ్చినవాళ్లు పిల్లను అదే నేల మీద వదిలి ఫోన్ చూసుకుంటుంటారు. ఒళ్లోనే పెట్టుకోండి, తూకం మిషన్ మీద మీ టవల్ పరచండి.

ఫినాయిల్ పెట్టి తుడిచామని ధీమాగా ఉండొద్దు. పార్వో దానికి లొంగుతుందన్న నమ్మకం లేదు, శానిటైజర్‌కూ అంతే. నేలను ముందు శుభ్రంగా కడిగి, బట్టలకు వాడే బ్లీచ్ ద్రావణం ఒక వంతుకు 30 వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచాలి. ఆరేదాకా పిల్లను ఆ పక్కకు రానివ్వకండి. చెప్పులు గుమ్మం బయటే.

కొత్తపట్నం కుర్రోడు
బీచ్‌కి తీసుకుపోవచ్చా డాక్టరు గారూ? ఉప్పునీళ్లకు వైరస్ చస్తుంది కదా?

కావలి పశువైద్యుడు
చావదు నాయనా. కొత్తపట్నమైనా మైపాడైనా చేపల వ్యర్థాలు ఉన్నచోట వీధికుక్కలు ఉంటాయి. 16 వారాల టీకా తర్వాత రెండు వారాలు ఆగి తీసుకెళ్లు. అక్టోబరు తర్వాత మనకు అసలు వానలు. వీధుల్లో నీళ్లు నిలుస్తాయి, ఎలుకల మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. 6 వారాలకు వేసే పప్పీ టీకాలో దానికి మందు ఉండదు, తర్వాత వేసే కలగలుపు టీకాలో ఉంటుంది, అది కూడా రెండు డోసులు పడాలి. వరి పొలాల పక్క ఇళ్లవాళ్లు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి.

స్టోన్‌హౌస్‌పేట అమ్మమ్మ
బయటికి తీయకుండా మనుషుల్నే ఇంటికి పిలిచి అలవాటు చేద్దామన్నా ఒక చిక్కుంది. పిల్లపళ్లు సూదుల్లా ఉంటాయి. వచ్చిన పిల్లాడికి గీరుకుంటే వాళ్లమ్మ ఊరుకుంటుందా? రేబిస్ సూదేమో మూడు నెలలకు గానీ వేయరు.

కావలి పశువైద్యుడు
పళ్లు గుచ్చుకుని చర్మం చిట్లితే ధారగా పారే నీళ్లలో సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. తర్వాత ఆసుపత్రిలో చూపించాలి. చిన్నదే కదా అని వదలొద్దు. పిల్లల్ని కూర్చోబెట్టి, కుక్కపిల్లే వాళ్ల దగ్గరికి వచ్చేలా చూడండి, ఎత్తుకోనివ్వకండి.

పెన్నా గట్టు
వనిత గారూ, చంకన పెట్టుకోవడానికి బజారు నడిమధ్య అక్కర్లేదు. రైలు గేటుకు కాస్త దూరంగా, రైసుమిల్లు గోడ అవతల, బడి వదిలే వేళ ఎదురు పేవ్‌మెంట్ మీద, ఇట్లాంటివి చాలు. చెవులు వెనక్కి పెట్టి, మాటిమాటికీ ఆవలిస్తూ, పెదాలు నాకుతుంటే చాలించి వచ్చేయండి. భయపడుతున్నదాన్ని అలవాటవుతుందని బలవంతంగా నిలబెడితే అలవాటయ్యేది భయమే. రొట్టెల పండగ జనంలోకి మాత్రం తీసుకుపోకండి. దీపావళి టపాసుల చప్పుళ్లు ఫోన్‌లో సన్నగా పెట్టి, తిండి తినేటప్పుడు వినిపించండి.

ఇంకోటి, అడగకపోయినా చెబుతాను. మన దగ్గర నెల, నెలన్నర పిల్లల్ని తల్లి నుంచి విడదీసి అమ్మేస్తున్నారు. 8 వారాల లోపు అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు ఉన్నాయి. తోడబుట్టినవాటితో ఆడుకుంటూ ఎంత గట్టిగా కొరకొచ్చో నేర్చుకునేది ఆ వారాల్లోనే. అది కోల్పోయిన పిల్లకు బుద్ధిమంతుడైన పెద్ద కుక్క తోడు ఇంకా అవసరం.

వేదాయపాళెం వనిత
మాది కూడా 40 రోజులకే ఇచ్చారు. రోజూ బాల్కనీ, సాయంత్రం స్కూటర్ మీద ఒళ్లో పెట్టుకుని ఒక చుట్టు. ఇంతవరకు సరే అనిపిస్తోంది. ఆ పెద్ద కుక్క సంగతే తేలలేదు. ఎవరి దగ్గరైనా ఉందా?

దర్గామిట్ట బాషా
మా దగ్గర ఉందక్కా, ఏడేళ్ల ఆడ లాబ్. చిన్నపిల్లలంటే ఓర్పు ఎక్కువ. ఆదివారం మా డాబా మీదికి తీసుకురండి, వీధికుక్కలు పైకి రావు, ముందురోజు కడిగిస్తాను. మీ పిల్ల కార్డు ఫొటో ముందు పెట్టండి.

లాయర్‌పేట రావు
మీ లాబ్ కార్డు కూడా పెట్టండి బాషా గారూ. చివరి బూస్టర్ ఏ సంవత్సరమో కనిపించాలి.

దర్గామిట్ట బాషా
పెడతాను సార్. బీరువాలో ఉంది, సాయంత్రం తీస్తా.