అప్‌డేట్: మహబూబ్‌నగర్‌లో తాతగారి పిప్పరమెంట్ల దుకాణం ఏ సంవత్సరానిది? తేలింది

పాత ఉర్దూ రసీదులో ఉన్న 1352 ఏ లెక్క అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. ‘నెల పేరు చూడండి’ అన్న సలహాతోనే చిక్కు వీడింది. ఉర్దూ పంతులుగారు చదివితే అందులో ‘బహమన్’ అని ఉంది. మొహర్రం, సఫర్ లాంటి పేరుంటే హిజ్రీ, అంటే 1933-34 అయ్యేది. ఆజూర్, దై, బహమన్ నిజాం కాలపు ఫసలీ (శిస్తు లెక్కలకు వాడిన క్యాలెండర్) ఏడాదిలో మొదటి మూడు నెలలు. అక్టోబరులో ఆజూర్‌తో ఏడాది మొదలు కాబట్టి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. బహమన్ మూడో నెల, అంటే సుమారు డిసెంబరు. కాబట్టి మా రసీదు 1942 డిసెంబరు ప్రాంతానిది. దుకాణం అప్పటికే నడుస్తోందన్నమాట!

పల్లిపట్టీలు తూచిన సేరు రాళ్లు, ఖాతాలోని అణాల లెక్క మాత్రం పనికిరాలేదు. నయాపైసలు 1957లో, కిలోలు ఆ తర్వాత వచ్చాయి. అంతకుముందు ఏ ఏడాదైనా అవే ఉంటాయి.