రైలు రాని స్టేషన్‌కి ప్రాణం పోశారు. సంతోషించాలా, లెక్క అడగాలా?

పాతపట్టాలు:
నిన్న డెట్రాయిట్ మిషిగన్ సెంట్రల్ స్టేషన్ లోపలికి వెళ్లొచ్చాను. ఈ చుట్టుపక్కల ఎన్నో ఏళ్లుగా ఉంటున్న మనవాళ్లు దాన్ని ఎప్పుడో ఒకప్పుడు ఫ్రీవే మీంచి చూసే ఉంటారు. 18 అంతస్తులు, ఒక్క కిటికీకీ అద్దం లేదు, ఇటు నుంచి చూస్తే అటువైపు ఆకాశం కనబడేది. 2018లో ఫోర్డ్ కంపెనీ 9 కోట్ల డాలర్లకు కొని, ఆరేళ్లు బాగుచేయించి, 2024 జూన్‌లో తలుపులు తెరిచింది. ఆ పెద్ద హాల్లో నిలబడి తలెత్తి చూస్తే నాకు కాసేపు మాట రాలేదు.

తర్వాత వెనకవైపుకి వెళ్లాను. 1988 జనవరిలో ఆమ్‌ట్రాక్ (అమెరికా అంతటా ప్రయాణికుల రైళ్లు నడిపే సంస్థ) వాళ్ల ఆఖరి రైలు కదిలిపోయాక అక్కడ ఒక్క ప్రయాణికుడూ దిగలేదు. ఇప్పుడు లోపల ఆఫీసులు, కార్యక్రమాలు. రైలు మాత్రం లేదు.

నా మాట ముందే చెప్పేస్తాను. కట్టడాన్ని నిలబెట్టడం ముమ్మాటికీ మంచి పని. కానీ రైలు తిరిగొచ్చేదాకా ఈ నగరానికి రావాల్సిన బాకీ తీరినట్టు కాదు. మీరేమంటారు?

లెక్కచూద్దాం:
బాకీ అన్నారు కాబట్టి ఆ లెక్కే చూద్దాం. స్టేషన్, చుట్టూ 30 ఎకరాల ప్రాంగణం కలిపి ఖర్చు 95 కోట్ల డాలర్లని కంపెనీయే చెప్పింది. అందులో నగర కౌన్సిల్ ఒప్పుకున్న పన్ను రాయితీలే దాదాపు 10 కోట్ల 40 లక్షలు. చుట్టుపక్కల బస్తీలకు ప్రతిగా దక్కింది కోటి డాలర్ల హామీ.

ఏ నగరం ఇచ్చిందో కూడా గుర్తుంచుకోండి. 2013 జులైలో దివాలా తీసిన నగరం. అమెరికాలో అంత పెద్ద మున్సిపల్ దివాలా అంతకుముందు లేదు. దానిలోంచి బయటపడడానికి రిటైరైన మామూలు ఉద్యోగుల పింఛన్‌లో 4.5 శాతం కోశారు. జీవితమంతా చెత్త బండి నడిపినవాళ్ల పింఛన్ అది. దివాలా తీసిన అయిదేళ్లకే ఒక కార్ల కంపెనీకి ఈ రాయితీ. పైకప్పు ఎంత అందంగా ఉన్నా నాకు మనసొప్పదు.

సున్నపురాయి:
పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి. ఈ ప్రాజెక్టులో పనిచేయలేదు గానీ మొదట్నుంచీ గమనిస్తున్నాను.

లెక్కచూద్దాం గారూ, ఖాళీగా పడి ఉన్న భవనం నుంచి నగరానికి పెద్దగా పన్ను వచ్చేది కాదు. రాయితీ అంటే ఖజానాలోంచి తీసి ఇచ్చిన నగదు కాదు, భవనం బాగుపడితే రాబోయే పన్నులో వదులుకున్న వాటా. 2009 ఏప్రిల్‌లో కౌన్సిల్ దీన్ని కూల్చేయమనే తీర్మానించింది. ఒక నగరవాసి కోర్టుకెక్కాడు. కూల్చి ఉంటే మిగిలేది ఇంకో బోడి స్థలం. డెట్రాయిట్‌లో వాటికి కొదవ లేదు.

పైకప్పు సంగతి కొంచెం చెప్పనివ్వండి. అది గ్వాస్టవీనో పద్ధతి: పలచని మట్టి పలకల్ని త్వరగా గట్టిపడే గచ్చుతో పొరలు పొరలుగా అతికి, కమానుగా తిప్పుతారు. కమాను తన బరువు తానే మోస్తుంది. ఆ హాలు పైన దాదాపు 29,000 పలకలున్నాయి. ముప్పై ఏళ్లు వాన కారినా, మార్చాల్సి వచ్చినవి 1,300 చిల్లర మాత్రమే. 1913లో పనిచేసిన మేస్త్రీల చేతి గొప్పతనం అది. బేస్‌మెంట్‌లోంచి 35 లక్షల గ్యాలన్ల నీళ్లు తోడారు. రాయి కోసం మొదట వాడిన ఇండియానా క్వారీనే మళ్లీ తెరిపించారు. 3,000 మందికి పైగా పనివాళ్లు. వాళ్లకి గోడలో ఒక బీరు సీసా దొరికింది, లోపల 1913 జులై నాటి చీటీ. ఈ సీలింగ్ వేసింది మేమేనంటూ ఇద్దరు పనివాళ్లు పేర్లు రాసి పెట్టారు. నూరేళ్లు దాటాక అదే పని చేస్తున్నవాళ్ల చేతికే అది దొరికిందంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

కార్క్‌టౌన్‌లో_అద్దెకి:
పేరుకి తగ్గట్టు మొన్నటిదాకా కార్క్‌టౌన్ పేటలో, ఆ స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో అద్దెకుండేదాన్ని. ఫోర్డ్ కొంటోందని వార్త రాగానే ఇంటాయన అద్దె పెంచాడు. రెండేళ్లకి మళ్లీ పెంచాడు. మూడోసారి లీజు పొడిగించనన్నాడు. ఇప్పుడు ఊరి ఇంకో చివర ఉంటున్నాను.

భవనం మీద నాకు కోపం లేదు. దక్షిణాది రాష్ట్రాల్లో బతుకు లేక పొట్ట చేతపట్టుకొచ్చిన ఎందరో నల్లజాతి కుటుంబాలు డెట్రాయిట్ నేలమీద మొదటి అడుగు వేసింది అక్కడే. నా పక్కింటి పెద్దావిడ తండ్రి కూడా అలా వచ్చినవాడే. ఆవిడ కూడా ఆ వీధి వదిలేసింది.

2016లో ఓటర్లు పాస్ చేసిన ఆర్డినెన్స్ (నగర చట్టం) ఒకటుంది. పెట్టుబడి 7.5 కోట్ల డాలర్లు దాటి, నగరం నుంచి పన్ను రాయితీ గానీ స్థలం గానీ తీసుకునేవాళ్లు తొమ్మిది మంది స్థానికుల సలహా మండలితో కూర్చోవాలి. కూర్చున్నారు కూడా. కానీ సలహా మండలికి అడిగే హక్కే గానీ ఆపే హక్కు లేదు. సున్నపురాయి గారూ, మీరు పలకలు లెక్కపెట్టారు. వీధి ఖాళీ చేసినవాళ్లని ఎవరు లెక్కపెట్టారు?

సున్నపురాయి:
నా దగ్గర జవాబు లేదండీ. మీ ప్రశ్న న్యాయమైనది.

పాతపట్టాలు:
అమ్మా, మీ మాట చదివాక ఏం రాయాలో వెంటనే తోచలేదు. ఇది మీ అద్దెకి పరిహారం కాదు. అయినా రైలు గురించి ఎందుకంత పట్టుబడుతున్నానో చెప్తాను.

అంత పెద్ద స్టేషన్ డౌన్‌టౌన్‌కి దాదాపు రెండు మైళ్ల దూరంలో ఎందుకుంది? నది కింది సొరంగం వల్ల. 1910లో డెట్రాయిట్, కెనడాలోని విండ్సర్ మధ్య రైలు సొరంగం తెరిచారు. అంతవరకూ రైళ్లని పడవల మీద దాటించేవారు. సొరంగం దారి మీద ఉండేలా కొత్త స్టేషన్ కట్టారు. 1913 డిసెంబర్ 26న పాత స్టేషన్ తగలబడిపోతే, ఇంకా లాంఛనంగా తెరవకముందే అదే రోజు రైళ్లు ఇక్కడికి మళ్లాయి. స్ట్రీట్‌కార్లు (వీధుల్లో పట్టాల మీద తిరిగే ట్రాములు) నడిచినన్నాళ్లూ ఆ రెండు మైళ్లు ఎవరికీ దూరం అనిపించలేదు. అవి పోయాక స్టేషన్ ఒంటరిదైంది. అంటే ఈ భవనాన్ని చంపింది వాన కాదు, దాన్ని ఊరితో కలిపే బండ్లు ఆగిపోవడం.

సొరంగం ఇప్పటికీ పనిచేస్తోంది, సరుకు రైళ్లకి. చికాగో నుంచి డెట్రాయిట్ మీదుగా టొరంటోకి ప్రయాణికుల రైలు నడపాలంటే దారి అదే. స్టేషన్ పక్కనే కొత్తగా రైలు, బస్సు ఆగే చోటు కట్టాలన్న ప్రతిపాదన ఉంది. అది కాగితం మీద ఉండిపోకూడదు.

లెక్కచూద్దాం:
సొరంగం సంగతి నాకు తెలియదు, మంచి మాట చెప్పారు. అయితే సిన్సినాటి చూడండి. అక్కడి 1933 నాటి రైల్వే స్టేషన్ యూనియన్ టెర్మినల్‌ని బాగుచేయడానికి 2014లో కౌంటీ ప్రజలు ఓటేసి, అమ్మకపు పన్ను పావు శాతం పెంచుకున్నారు. అయిదేళ్లకే అని ముందే రాసుకున్నారు. 2018లో పని పూర్తయింది. లోపల మ్యూజియంలు, వారంలో కొన్ని రోజులు రైలూ ఆగుతుంది. ఎంత ఇస్తున్నారో, దేనికో, ఎన్నాళ్లో జనానికి తెలిసి ఇచ్చారు. నాకు కావలసింది అదే.

సున్నపురాయి:
ఓటర్లు ఒప్పుకోని ఊళ్లో ఏం చేస్తారు? బఫలో సెంట్రల్ టెర్మినల్ 1929ది. ఆఖరి రైలు 1979లో వెళ్లింది. స్వచ్ఛంద సంస్థ 1997 నుంచి కాపలా కాస్తూ, చేతనైనంత అతుకులేస్తూ వస్తోంది. దానికి ఫోర్డ్ లాంటి కొనుగోలుదారు దొరకలేదు. రాయి ఎదురుచూడగలదు గానీ నీళ్లు దిగిన ఇనుము ఎదురుచూడదు.

లెక్కచూద్దాం:
అదీ నిజమే. ఒక మెట్టు దిగుతాను: భవనం ఉండాల్సిందే. ఇచ్చిన రాయితీ వెనక్కి రాదు. ఇకమీద ఆ ప్రాంగణంలో ఏ కొత్త రాయితీ అడిగినా, ప్లాట్‌ఫారానికి స్థలం, చుట్టూ అందుబాటు అద్దె ఇళ్లు రాసిచ్చాకే ఇవ్వాలి. ఈ రెండో షరతు ఆ అమ్మాయి మాట విన్నాక చేర్చాను.

కార్క్‌టౌన్‌లో_అద్దెకి:
రైలొస్తే అద్దెలు ఇంకా పెరుగుతాయని నాకు తెలుసు. అయినా రావాలనే అంటాను. మా చెల్లెలు చికాగోలో ఉంటుంది. ఇప్పుడు ఆమ్‌ట్రాక్‌లో వస్తే డెట్రాయిట్‌లోనే న్యూ సెంటర్ అనే పేటలో ఉన్న ఆ చిన్న స్టేషన్‌లో దిగుతుంది. దాని సూట్‌కేసు పట్టుకుని ఆ పెద్ద హాల్లోంచి ఒక్కసారి బయటికి నడవాలని ఉంది.