ఎండకు పాలు తగ్గిన జెర్సీ ఆవులకు మూలికల పొడి పనిచేస్తుందా?

అందరికీ నమస్కారం. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ దగ్గర పల్లె. ప్రాణహిత పక్కనే ఉందన్న మాటే గానీ మే నెల ఎండ మాడ్చేస్తోంది. నాకు రెండు జెర్సీ క్రాస్ ఆవులు, ఒక నాటు ఆవు. నాటుదానికి ఎండంటే లెక్కే లేదు, టెన్షన్ అంతా జెర్సీలతోనే. పూటకు 6 లీటర్లిచ్చేవి 4కు దిగాయి, వెన్న శాతం కూడా పడిపోయింది. మధ్యాహ్నం నోరు తెరిచి, చొంగ కారుస్తూ రొప్పుతున్నాయి. నిన్న ఒకదాని డొక్క చూస్తూ లెక్కపెడితే నిమిషానికి 70 సార్లకు పైనే ఊపిరి తీస్తోంది.

రేకుల మీద గడ్డి పరిచాను, రోజుకు మూడుసార్లు ఒంటి మీద నీళ్లు చల్లుతున్నా. దాణా తెల్లవారుజామున, రాత్రి చల్లబడ్డాకే పెడుతున్నా. ఖనిజ మిశ్రమం, చిటికెడు తినే సోడా కూడా కలుపుతున్నా.

ఇప్పుడు మందుల షాపతను శతావరి, అశ్వగంధ, ఉసిరి కలిపిన పొడి రోజుకు 50 గ్రాములు పెట్టమంటున్నాడు. పోయినేడు ఇలాంటిదే కొన్నా. డబ్బా మీద ఏది ఎంత కలిపారో కూడా లేదు, డబ్బులు దండగ.

శతావరి అంటే మన పిల్లిపీచరే కదా? ఆ దుంపలు, తిప్పతీగ మా అడవిలోనే దొరుకుతాయి. ఎండబెట్టి దంచి పెట్టొచ్చా? ఆవుకు ఎన్ని గ్రాములు? ఒకటి నాలుగు నెలల చూడిది, దానికి అశ్వగంధ పెట్టాలంటే భయంగా ఉంది. వాడినవాళ్లు ఎన్ని రోజులకు పాలలో తేడా కనిపించిందో చెప్పండన్నా.