పాత కారు చలిలో అందుకోకపోతే తప్పు ఇథనాల్‌దా, కరెంటుదా?

సిమిలిగుడ మాస్టారు:
మా ఇంట్లో 1998 నాటి మారుతి 800 ఉంది, కార్బురేటరు (పెట్రోలును గాలితో కలిపే భాగం) ఉన్న బండి. చలి మొదలైనప్పటి నుంచి తెల్లవారుజామున సెల్ఫ్ బరువుగా తిరుగుతుంది గానీ ఇంజను అందుకోదు. ఎండెక్కాక అదే బండి కాస్త బతిమాలించుకొని లేస్తుంది. వాలులో వదిలి రెండో గేరులో క్లచ్ విడిస్తే మాత్రం వెంటనే అందుకుంటుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు కార్బురేటరును పాడుచేసిందని, కొత్తది వేయక తప్పదని ఒక మెకానిక్ అన్నాడు. బ్యాటరీ దుకాణం అతను బ్యాటరీ మార్చమన్నాడు. డబ్బు పెట్టే ముందు ఈ రెండు మాటల్లో ఏది నిజమో తేల్చుకునే దారి ఉందా?

జయపురం పాతబండి:
మాస్టారూ, మెకానిక్ చెప్పినదే సరైనదని నా అభిప్రాయం. మన బంకుల్లో పెట్రోలుకు ఇథనాల్ 2022 నాటికి 10 శాతం, 2025 నాటికి 20 శాతం చేరింది. 1998లో తయారైన బండి ఆ ఇంధనం కోసం పుట్టినది కాదు. పాత బండ్లలో 20,000 నుంచి 30,000 కిలోమీటర్ల వాడకం తర్వాత కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చవలసి రావచ్చని 2025 ఆగస్టులో పెట్రోలియం మంత్రిత్వ శాఖే ఒప్పుకున్నది. పైగా ఇథనాల్ ఆవిరి కావడానికి అంతే బరువు పెట్రోలుకు కావలసిన దానికి రెండింతలకు మించిన వేడి కావాలి. ఒడిశా కొండల్లోని సిమిలిగుడలో అయిదారు డిగ్రీలకు దిగే చలిలో ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుంది? ఎండెక్కాక బండి లేవడమే దీనికి సాక్ష్యం.

రాయగడ గ్యారేజీ:
జయపురం వారు చెప్పిన విషయాలను నేను కాదనను, కానీ వాటి నుంచి కార్బురేటరు మార్చాలన్న తీర్పు రాదు. మాస్టారు రాసిన దానిలో అన్నిటికంటే విలువైన మాట చివరిది: తోస్తే వెంటనే అందుకుంటున్నది. తోసినప్పుడూ కార్బురేటరు అదే, పెట్రోలు అదే, చలి కూడా అదే. మారినదల్లా సెల్ఫ్ మోటారు పని చేయకపోవడం. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ నుంచి లాగే కరెంటు ముందు తక్కిన వాడకమంతా లెక్కలోకి రాదు, ఆ క్షణంలో ప్లగ్గుకు నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్‌కు మిగిలేది ఎంగిలి కరెంటే. మంచి బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6కు దిగువకు పోకూడదు. అయితే బ్యాటరీ దగ్గర వోల్టేజి బాగున్నంత మాత్రాన కాయిల్‌కు అంతా చేరుతున్నదని అనుకోకూడదు, ఎందుకంటే కరెంటు తిరుగుదారి ఇంజను బాడీ నుంచి ఎర్త్ పట్టీ (ఇంజనును బ్యాటరీ నెగెటివ్ వైపుకు కలిపే తీగ) మీదుగా బ్యాటరీకి వెళ్తుంది, కొండల తేమలో ముందుగా తుప్పు పట్టేది ఆ పట్టీ బోల్టు కిందనే.

కాబట్టి మాస్టారూ, ముందు మల్టీమీటరు తీసుకోండి. ఒక తీగ బ్యాటరీ నెగెటివ్ గుంజ మీద, కేబుల్ క్లాంపు మీద కాకుండా, రెండోది ఇంజను లోహం మీద పెట్టి మరొకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటితే ఎర్త్ సరిగా లేనట్టే. ఆ తర్వాత ప్లగ్గు విప్పి చూడండి: చాలాసేపు సెల్ఫ్ కొట్టాక కూడా పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు, తడిగా ఉండి వాసన వస్తుంటే పెట్రోలు వస్తున్నది గానీ మండడం లేదు. నిప్పురవ్వ చూడాలంటే విప్పిన ప్లగ్గును కాదు, వేరే ప్లగ్గును తీగకు తగిలించి, పెట్రోలు ఆవిరికి దూరంగా ఇంజను లోహానికి ఆనించి చూడాలి. ప్లగ్గు విప్పిన రంధ్రం పక్కన రవ్వ చూపించే కుర్రాళ్లను నా గ్యారేజీలో నేను ఊరుకోను.

పర్లాకిమిడి ప్రయాణికుడు:
ఈ సంగతి తేలేవరకు వాలులో తోసుకుంటూ గడపవద్దని మాస్టారికి మనవి. ఇంజను కవాటాలను సమయానికి తెరిపించే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో తెలియని బండిలో ఆ కుదుపుకు బెల్టు పన్ను జారితే కార్బురేటరు ఖర్చే చిన్నదిగా కనిపించవచ్చు.

జయపురం పాతబండి:
తోస్తే అందుకోవడానికి మరొక కారణం కూడా ఉంది, దానిని రాయగడ వారు వదిలేశారు. వాలులో ఇంజను సెల్ఫ్ తిప్పిన దానికంటే చాలా వేగంగా తిరుగుతుంది, ఇంజను మీద ఉండే పెట్రోలు పంపూ దానితోపాటే వేగంగా కొడుతుంది. రాత్రి ఖాళీ అయిన, పెట్రోలు నిలవుండే కార్బురేటరు గిన్నె అలా నిండి ఉండవచ్చు. ట్యాంకు నుంచి పంపు వరకు గొట్టంలో ఉన్నది తోడుకునే ఒత్తిడి, అందుచేత ఇథనాల్‌కు పగిలిన రబ్బరు బయటికి ఒక్క చుక్క కూడా కార్చకుండా లోపలికి గాలి పీల్చుకోగలదు. కింద మరక కనిపించలేదని గొట్టం బాగుందనుకోవడం పొరపాటు.

రాయగడ గ్యారేజీ:
ఇది మంచి అభ్యంతరం, తోసే పరీక్ష ఒక్కదానితో ఏమీ తేలదని ఒప్పుకోవలసిందే. అందుకే ప్లగ్గు తడి చూడమన్నాను. గిన్నె ఖాళీ అయితే ప్లగ్గు పొడిగానే వస్తుంది. ఇక ఇథనాల్ మీద మరొక మాట కూడా ఉంది, అది మిశ్రమాన్ని పలుచన చేస్తుందని, అంటే గాలికి సరిపడా ఇంధనం లేకుండా చేస్తుందని. అదీ నిజమే: పెట్రోలుకు బరువులో 14.7 వంతుల గాలి కావాలి, 20 శాతం ఇథనాల్ ఉన్నదానికి 13.5కు కాస్త అటూ ఇటూ చాలు, కార్బురేటరు మాత్రం పాత లెక్కనే గాలి కలుపుతుంది. కానీ సిమిలిగుడ ఉన్నది సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో. అక్కడి పలచని గాలిలో కార్బురేటరు తనంతట తానే మిశ్రమాన్ని నాలుగు శాతం వరకు చిక్కన చేస్తుంది. అంటే ఇథనాల్ చేసిన లోటులో సగం దాకా కొండే పూడుస్తున్నది. ఈ పెట్రోలుతో కొండ కింది సాలూరులో పడే ఇబ్బంది సుంకి ఘాటు ఎక్కాక కొంత తగ్గాలి గానీ పెరగకూడదు.

సిమిలిగుడ మాస్టారు:
పొద్దున్నే మా అబ్బాయిని సెల్ఫ్ కొట్టమని, చెప్పిన ప్రకారం కొలిచాను. విశ్రాంతిలో బ్యాటరీ 12.5 వోల్టులు, సెల్ఫ్ కొట్టేటప్పుడు 10.3. కానీ నెగెటివ్ గుంజకూ ఇంజనుకూ మధ్య 1.6 వోల్టులు చూపించింది. ప్లగ్గు తడిగా, ఘాటైన వాసనతో వచ్చింది. ఎర్త్ పట్టీ విప్పి చూస్తే బోల్టు కింద పచ్చటి తుప్పు పేరుకొని ఉన్నది. గరుకు కాగితంతో రుద్ది, బిగించి, మళ్లీ కొలిస్తే 0.2కు దిగింది. మర్నాడు పొగమంచులో చోక్‌తోనే ఇంజను అందుకుంది. బ్యాటరీ దుకాణానికి గానీ కార్బురేటరుకు గానీ పైసా ఇవ్వలేదు.

రాయగడ గ్యారేజీ:
లెక్క సరిపోయింది. బ్యాటరీ 10.3 ఇచ్చినా, 1.6 ఎర్త్ దగ్గరే పోతే కాయిల్‌కు దక్కినది 8.7, స్విచ్చిలో పోయేది తీసేస్తే ఇంకా తక్కువ. సెల్ఫ్ బరువుగా తిరగడానికీ అదే కారణం. మధ్యాహ్నం ఇంజను ఆయిలు పలచబడి సెల్ఫ్‌కు భారం తగ్గేది కాబట్టి బండి లేచేది. అయితే జయపురం వారి గొట్టం మాట విని, ట్యాంకు నుంచి పంపు వరకు రబ్బరంతా ఒకసారి వంచి చూడండి. పగుళ్లు కనిపించినా, మెత్తబడి జిగురుగా తగిలినా, ఇంజెక్షను కార్లకు వేసే, లోపల ఇథనాల్‌ను తట్టుకునే ఫ్లోరోరబ్బరు పొర ఉన్న గొట్టమే అడిగి వేయండి.

జయపురం పాతబండి:
తుప్పు దొరికినందుకు సంతోషమే, కానీ ప్లగ్గు తడిసి ఉండడం నా వాదనకూ సరిపోతుందని గమనించగలరు: ఆవిరి కాని ఇంధనమే ప్లగ్గును తడుపుతుంది. బలహీనమైన రవ్వకు ఇథనాల్ లేని పాత రోజుల పెట్రోలు అంటుకొని, ఈ పెట్రోలు అంటుకోకపోయి ఉండవచ్చు. మాస్టారూ, మీరు వాడే పెట్రోలు 80 మిల్లీలీటర్లు, నీళ్లు 20 మిల్లీలీటర్లు గీతలున్న గాజు గొట్టంలో పోసి, మూసి, కుదిపి నిలవనివ్వండి. ఇథనాల్ నీళ్లలోకి దిగి, అడుగు పొర 36 దగ్గరికి చేరితే 20 శాతం ఉన్నట్టు. వానాకాలంలో బండిని వారాల తరబడి కదపకుండా ఉంచితే మాత్రం నీళ్లు కలపకుండానే ట్యాంకు అడుగు పెట్రోలు సీసాలో పట్టి చూడండి. అది తేమ పీల్చి రెండు పొరలుగా విడిపోయి కనిపిస్తే ఆ పూట ఎర్త్ పట్టీని తిట్టుకోనక్కర లేదు.

సిమిలిగుడ మాస్టారు:
పంపు దగ్గరి గొట్టం వంచితే సన్నని పగుళ్లు కనిపించాయి. కొత్త గొట్టానికి రాయగడ కబురు పెట్టాను. సీసా పరీక్ష బడి ప్రయోగశాల కొలత గొట్టంతో ఆదివారం చేసి అంకె ఇక్కడ రాస్తాను.